కాలువకు లస్కరు, కంప్యూటర్‌కు కెర్నెల్

విజయవాడలో ప్రకాశం బ్యారేజీ మీదుగా మీరెప్పుడైనా వెళ్ళారా? 1957లో పూర్తయిన ఆ బ్యారేజీకి 70 గేట్లున్నాయి. దాని వెనుక నిలిచిన కృష్ణ నీరు తూర్పు గట్టున ఏలూరు, రైవస్, బందరు కాలువల్లోకీ, పడమటి గట్టున గుంటూరు వైపు కాలువలోకీ మళ్ళుతుంది. పెద్ద కాలువ పిల్ల కాలువలుగా, పిల్ల కాలువ బోదెలుగా చీలి, చివరకు మడిలోకి చేరుతుంది.

నీళ్ళు కావాలి కదా అని రైతు తనంతట తానే వెళ్ళి తూము తలుపు ఎత్తేయవచ్చా? ఎత్తకూడదు. అందరూ అలా ఎత్తితే ఎగువ పొలాలు మునుగుతాయి, శివారు పొలాలు ఎండుతాయి. అందుకే తూముల దగ్గర లస్కరు ఉంటాడు. ఎవరి వంతు ఎప్పుడు, ఏ తలుపు ఎంత ఎత్తాలి, ఎప్పుడు దించాలి అన్నది అతని పని. రైతు అడుగుతాడు, లస్కరు ఎత్తుతాడు.

కంప్యూటర్‌లోనూ సరిగ్గా ఇలాంటి లస్కరు ఒకడున్నాడు. అతని పేరు కెర్నెల్. ఈ నెల మనం ఆ లస్కరు ఏం చేస్తాడో తెలుసుకుందాం. అంతేకాదు, మనకు కావలసినట్లుగా అతన్ని మనమే ఎలా తయారు చేసుకోవచ్చో కూడా చూద్దాం. మా బడి పిల్లలూ నేనూ కలిసి ఈ పని చేశాం. రెండుసార్లు తప్పులు కూడా చేశాం. అవి కూడా చెబుతాను.

కెర్నెల్ చేసే పనులు

మీరు కంప్యూటర్‌లో ఒక పక్క పాట వింటున్నారు, ఇంకో పక్క బొమ్మ గీస్తున్నారు, వెనకాల ఏదో ఫైలు దిగుమతి అవుతోంది. అన్నీ ఒకేసారి జరుగుతున్నట్లే ఉంటుంది. కానీ లోపల లెక్కలు చేసే ప్రాసెసర్‌లో ఒక్కొక్క భాగం ఒక క్షణంలో ఒక్క పనే చేయగలదు. అలాంటి భాగాలు రెండో నాలుగో ఉంటాయి. పనులేమో వందల్లో ఉంటాయి. అప్పుడేం చేయాలి? కాలువ మీద చేసేదే. వంతులు వేయాలి! కెర్నెల్ ఒక్కొక్క పనికి సెకనులో వెయ్యో వంతు, కొన్ని వెయ్యో వంతులు మాత్రమే ఇచ్చి, ఆపి, తర్వాతి పనికి అవకాశం ఇస్తుంది. ఈ మార్పు ఎంత వేగంగా జరుగుతుందంటే మన కంటికీ చెవికీ తేడా తెలియదు.

రెండో పని, గట్లు కాపాడటం. ప్రతి ప్రోగ్రాముకూ జ్ఞాపకశక్తిలో, అంటే మెమరీలో, కొంత చోటు కేటాయిస్తుంది. ఒక ప్రోగ్రాము గట్టు తెంచి పక్కవాడి చోటులోకి రాబోతే అక్కడే ఆపేస్తుంది.

మూడో పని, తూములు తెలిసి ఉండటం. కీబోర్డు, డిస్కు, తెర, పెన్‌డ్రైవు, ఇవన్నీ రకరకాల కంపెనీలు చేసినవి. ఒక్కొక్కదానితో ఒక్కొక్క తీరుగా మాట్లాడాలి. ఆ మాట్లాడే తీరు తెలిసిన భాగాన్ని డ్రైవర్ అంటారు. డ్రైవర్లు కెర్నెల్‌లో భాగాలే.

పాట పాడించే ప్రోగ్రాము నేరుగా డిస్కును ముట్టుకోవాలంటే ప్రాసెసరే ఒప్పుకోదు. "ఈ ఫైలు తీసి ఇవ్వు" అని అది కెర్నెల్‌ను అడగాలి. ఈ అడగటాన్ని సిస్టమ్ కాల్ అంటారు. రైతు లస్కరును అడగటం లాంటిదే అన్న మాట.

కెర్నెల్ అంటే ఇంగ్లీషులో గింజ లోపలి పలుకు. వడ్లగింజ మీద ఊక ఉంటుంది, లోపల బియ్యపు గింజ ఉంటుంది. కంప్యూటర్‌లోనూ మనం ఆజ్ఞలు టైపు చేసే పై పొరకు షెల్, అంటే పెంకు, అని పేరు. దాని లోపల ఉన్నది కాబట్టి కెర్నెల్.

లినక్స్ ఎలా పుట్టింది?

1991లో ఫిన్‌లాండ్ దేశపు హెల్సింకి విశ్వవిద్యాలయంలో లినస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి చదువుతుండేవాడు. అప్పటికి అతని వయసు 21 ఏళ్ళు. ఇంట్లో 386 రకం ప్రాసెసర్ ఉన్న కంప్యూటర్ ఉండేది. దాని కోసం సరదాగా ఒక కెర్నెల్ రాయడం మొదలుపెట్టాడు. ఆ సెప్టెంబరులో బయటపెట్టిన మొదటి రూపంలో సుమారు 10,000 పంక్తులున్నాయి. 1994 మార్చిలో 1.0 రూపం వచ్చేసరికి అవి లక్షా 76 వేలు దాటాయి. ఇవాళ 3 కోట్లకు పైగా ఉన్నాయి. ఇన్ని పంక్తులూ ఒక్కడే రాశాడా? లేదు. ప్రపంచమంతటా వేలమంది రాశారు, ఇంకా రాస్తూనే ఉన్నారు.

అది ఎలా సాధ్యమైంది? టోర్వాల్డ్స్ తన రచనను దాచుకోలేదు. 1992లో దానిని జీపీఎల్ అనే ఒప్పందం కిందకు తెచ్చాడు. ఎవరైనా దానిని చదవవచ్చు, మార్చవచ్చు, పంచవచ్చు. అయితే ఒక్క షరతు. మార్చినదాన్ని ఇతరులకు ఇచ్చేటప్పుడు, మార్చిన మూల రచనను కూడా అదే స్వేచ్ఛతో ఇవ్వాలి.

ఇప్పుడు ఆ కెర్నెల్ ఎక్కడెక్కడ ఉంది? మీ ఇంట్లోని ఆండ్రాయిడ్ ఫోనులో ఉంది. 2017 నవంబరు నుంచి ప్రపంచంలోని అత్యంత వేగవంతమైన 500 సూపర్ కంప్యూటర్లన్నీ దానితోనే నడుస్తున్నాయి. ఒక తమాషా చూడండి. ఏ 386 యంత్రం మీద పుట్టిందో, ఆ 386కు మద్దతును లినక్స్ 2012 డిసెంబరులో వదిలేసింది!

మూల రచన, యంత్ర భాష

మనుషులు కెర్నెల్‌ను ఎక్కువగా సి అనే భాషలో రాస్తారు. అక్కడక్కడ అసెంబ్లీ, 2022 నుంచి కొద్దిగా రస్ట్ అనే భాష కూడా వాడుతున్నారు. మనిషి చదవగలిగే ఈ రచనే మూల రచన, అంటే సోర్స్. కానీ ప్రాసెసర్‌కు సి భాష రాదు. దానికి తెలిసినవి ఒకట్లూ సున్నాలే. మూల రచనను ఆ ఒకట్లు సున్నాల్లోకి మార్చే ప్రోగ్రామును కంపైలర్ అంటారు. ఆ పనిని కంపైల్ చేయడం అంటారు. లినక్స్‌కు ఎక్కువగా వాడే కంపైలర్ జీసీసీ. రిచర్డ్ స్టాల్‌మన్ ప్రారంభించిన గ్నూ ఉద్యమం నుంచి 1987లో వచ్చింది.

మామూలుగా మనకు దొరికేది ఇదివరకే కంపైల్ చేసిన కెర్నెల్. అది రెడీమేడ్ చొక్కాలాంటిది. ఎవరికైనా పట్టాలి కాబట్టి అందులో వేల సంఖ్యలో డ్రైవర్లు పెడతారు. మన దగ్గర లేని పరికరాలకు కూడా ఉంటాయి. మూల రచన తెచ్చుకుని, మన యంత్రం కొలతలు ఇచ్చి కంపైల్ చేసుకుంటే అది దర్జీ దగ్గర కుట్టించుకున్న చొక్కా అవుతుంది.

వరదలో తడిసిన పెట్టెలు

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతం రోజుల తరబడి నీటిలో ఉంది. మీలో కొందరు ఆ కష్టం స్వయంగా అనుభవించే ఉంటారు. మా బడిలో చదివే ఇద్దరు పిల్లల ఇళ్ళల్లో పాత కంప్యూటర్లు మునిగాయి. "పాత సామాన్లకు వేసేద్దాం మాస్టారూ" అన్నారు పెద్దవాళ్ళు. వేయకండి, బడికి పంపండి అన్నాను.

బురద కడిగి, వారాల పాటు ఆరబెట్టాం. ఒకదాని బోర్డు బతికింది. రెండోదాని డిస్కు బతికింది. రెండూ కలిపి ఒక పెట్టె చేశాం. రెండు భాగాల ప్రాసెసర్, రెండు గిగాబైట్ల మెమరీ. దానిలో డెబియన్ 12 అనే లినక్స్ వేస్తే చక్కగా లేచింది. పిల్లలు చప్పట్లు కొట్టారు.

అప్పుడు పదో తరగతి అమ్మాయి ఒక ప్రశ్న అడిగింది. "మాస్టారూ, కెర్నెల్ మూలం అందరికీ ఇస్తారు అన్నారు కదా. మరి మనం చేయగలమా? పెద్ద కాలేజీలవాళ్ళు మాత్రమే చేయాలా?"

నాకు కూడా ఆ పని కొత్తే. చేసి చూడకుండా చేయలేమని ఎలా చెబుతాను? పైగా ఆ పెట్టెలో పోవడానికి ఎవరి ఫైళ్ళూ లేవు. ప్రయోగానికి అంతకంటే మంచి యంత్రం ఏముంటుంది?

ఆరు మెట్లు

కింద చెప్పిన ఆజ్ఞల ఉచ్చారణ మాత్రమే ఇక్కడ ఇస్తున్నాను. టెర్మినల్‌లో వాటిని ఇంగ్లీషు చిన్న అక్షరాలతో టైపు చేయాలి.

మొదటి మెట్టు, పనిముట్లు. జీసీసీ కంపైలర్, మేక్, ఫ్లెక్స్, బైసన్, బీసీ అనే ప్రోగ్రాములు, మరికొన్ని లైబ్రరీలు తెచ్చుకోవాలి. డెబియన్‌లో ఇవన్నీ ఉచితంగా దొరుకుతాయి. డిస్కులో 20 గిగాబైట్ల ఖాళీ ఉంచుకుంటే ఇబ్బంది ఉండదు.

రెండో మెట్టు, మూలం. కెర్నెల్ డాట్ ఆర్గ్ అనే చోట అన్ని రూపాలూ ఉంటాయి. మేము 2024 నవంబరులో విడుదలైన 6.12 తెచ్చుకున్నాం. నొక్కి కట్టిన మూట సుమారు 150 మెగాబైట్లు ఉంటుంది. విప్పితే ఒక గిగాబైటు దాటుతుంది. మూటతో పాటు ఒక సంతకం ఫైలు కూడా ఉంటుంది. దారిలో ఎవరూ మూటను మార్చలేదని దానితో సరిచూసుకోవాలి.

మూడో మెట్టు, కొలతలు. అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. కెర్నెల్‌లోని వేలాది అంశాలలో ఏది కావాలి, ఏది వద్దు అన్న జాబితా 'డాట్ కాన్ఫిగ్' అనే ఫైలులో ఉంటుంది. చాలా అంశాలకు మూడు జవాబులుంటాయి. 'వై' అంటే కెర్నెల్‌లోనే కలిపేయి. 'ఎమ్' అంటే విడి ముక్కగా, అంటే మాడ్యూలుగా, డిస్కులో ఉంచు, అవసరమైనప్పుడు తెచ్చుకుంటాను. 'ఎన్' అంటే అసలు వద్దు.

అన్నిటికీ మనమే జవాబివ్వాలంటే ఏడాది పడుతుంది! అందుకని ఇప్పుడు నడుస్తున్న కెర్నెల్ జాబితాను బూట్ అనే ఫోల్డరు నుంచి నకలు తీసుకుని, 'మేక్ ఓల్డ్‌డెఫ్‌కాన్ఫిగ్' అనాలి. పాత జాబితాలో లేని కొత్త ప్రశ్నలకు అది మామూలు జవాబులు తానే నింపుతుంది. తర్వాత 'మేక్ లోకల్‌మాడ్‌కాన్ఫిగ్' అంటే, ఈ క్షణాన వాడుకలో ఉన్న మాడ్యూళ్ళను మాత్రమే ఉంచి మిగిలినవి తీసేస్తుంది. చివరగా 'మేక్ మెనుకాన్ఫిగ్' అంటే పట్టిక తెర మీదకు వస్తుంది. కావలసినవి చేత్తో మార్చుకోవచ్చు. మన కెర్నెల్‌కు ఒక తోకపేరు కూడా అక్కడే పెట్టవచ్చు. మేము 'కృష్ణ' అని పెట్టాం.

నాలుగో మెట్టు, కంపైల్ చేయడం. 'మేక్ -జె2' అన్నాం. రెండు పనులు పక్కపక్కన చేయి అని దాని అర్థం. మా ప్రాసెసర్‌కు రెండే భాగాలు కదా! ఉదయం ప్రార్థన అయ్యాక మొదలుపెట్టాం. మధ్యాహ్న భోజనం గంట కొట్టినా ఇంకా ఫైళ్ళ పేర్లు తెర మీద పరుగెత్తుతూనే ఉన్నాయి.

ఐదో మెట్టు, అమర్చడం. దీనికి యజమాని అనుమతి కావాలి కాబట్టి ముందు 'సుడో' అని చేర్చాలి. 'సుడో మేక్ మాడ్యూల్స్_ఇన్‌స్టాల్' మాడ్యూళ్ళను వాటి చోట పెడుతుంది. 'సుడో మేక్ ఇన్‌స్టాల్' కెర్నెల్‌ను బూట్ ఫోల్డరులో పెడుతుంది. డెబియన్‌లో అయితే యంత్రం లేచేటప్పుడు కనబడే గ్రబ్ పట్టికలో కొత్త పేరు కూడా చేరుతుంది. పాత కెర్నెల్ ఎక్కడికీ పోదు. పక్కనే ఉంటుంది. ఈ మాట గుర్తుంచుకోండి.

ఆరో మెట్టు, యంత్రాన్ని ఆపి మళ్ళీ లేపడం. లేచాక 'యూనేమ్ -ఆర్' అని అడిగితే ఏ కెర్నెల్ నడుస్తోందో చెబుతుంది.

మొదటి తప్పు నాది

పిల్లలందరూ తెర చుట్టూ మూగారు. గ్రబ్ పట్టికలో మా కెర్నెల్ పేరు కనబడింది. ఎంటర్ నొక్కాం. కొన్ని పంక్తులు వచ్చాయి. ఆ తర్వాత డిస్కు కనబడటం లేదని చెప్పి, యంత్రం అక్కడే ఆగిపోయింది.

"పాడైపోయిందా మాస్టారూ?" అన్నాడు బోర్డు ఇచ్చిన ఇంటి అబ్బాయి. వరదను తట్టుకున్న పెట్టెను మేము పాడుచేశామా అని వాడి బెంగ.

పాడు కాలేదు. మళ్ళీ ఆపి, లేపి, గ్రబ్ పట్టికలో పాత కెర్నెల్‌ను ఎంచుకున్నాం. ఏమీ జరగనట్లు లేచి కూర్చుంది! ఇక తీరిగ్గా కారణం వెతికాం. జాబితాలో 'ఏటీఏ' అన్న మాట చూసి, పాతకాలపు వెడల్పాటి రిబ్బను తీగల డిస్కులకు సంబంధించినది కాబోలు, మనకెందుకు అని నేనే 'ఎన్' కొట్టాను. మా డిస్కుది సన్నని తీగే. కానీ అది 'సీరియల్ ఏటీఏ' రకం. దాని డ్రైవర్ ఆ శీర్షిక కిందనే ఉంది. డిస్కు తూము తెరవడం తెలియని లస్కరును తయారు చేశాను!

ఇక్కడ మీకొక సందేహం రావాలి. డిస్కు డ్రైవర్ మాడ్యూలుగా డిస్కులోనే ఉంటే, డిస్కును చదవకముందు దాన్ని ఎలా తెచ్చుకోవాలి? పెట్టె తాళంచెవి పెట్టెలోనే ఉన్నట్లు కాదా? దీనికి ఉపాయం ఉంది. అత్యవసరమైన మాడ్యూళ్ళను ఒక చిన్న మూటగా కట్టి ఉంచుతారు. దాని పేరు ఇనిట్రామ్‌ఎఫ్ఎస్. గ్రబ్ ఆ మూటను కూడా కెర్నెల్‌తో పాటే మెమరీలోకి ఎక్కిస్తుంది. కెర్నెల్ అందులోంచి డిస్కు డ్రైవర్‌ను తీసుకుని, అప్పుడు అసలు డిస్కును తెరుస్తుంది. మా మూటలో ఆ డ్రైవరే లేదు. అందుకే మూట దాకా వచ్చి ఆగిపోయింది.

తప్పు దిద్ది, 'కృష్ణ-2' అని పేరు మార్చి మళ్ళీ కంపైల్ చేశాం. ఈసారి చాలా త్వరగా అయిపోయింది. ఎందుకో ఊహించండి. మేక్ అనే ప్రోగ్రాము ఏవి మారాయో చూసుకుని, ఆ మార్పు తగిలినవాటినే తిరిగి చేస్తుంది. మిగిలినవాటిని ముట్టుకోదు.

రెండో తప్పు మనందరిదీ

కృష్ణ-2 లేచింది! పేరు చూసుకుని అందరం మురిసిపోయాం. రెండు రోజులు బాగానే ఉంది. మూడో రోజు ఒక అబ్బాయి తన పాఠం పెన్‌డ్రైవులో తెచ్చి గుచ్చాడు. తెర మీద ఏమీ రాలేదు. పాత కెర్నెల్‌తో లేపి గుచ్చితే వెంటనే కనబడింది. అంటే పెన్‌డ్రైవు మంచిదే, లోపం మా కెర్నెల్‌లోనే ఉంది.

కారణం ఎవరు చెప్పారో తెలుసా? మొదట ప్రశ్న అడిగిన ఆ అమ్మాయే. "మాస్టారూ, ఆ రోజు వాడుకలో ఉన్నవి మాత్రమే ఉంచమన్నాం కదా. ఆ రోజు పెన్‌డ్రైవు గుచ్చలేదు కదా!"

అక్షరాలా అంతే. కొలతలు తీసేనాడు పెన్‌డ్రైవు లేదు కాబట్టి దాని డ్రైవర్ వాడుకలో లేదు. లోకల్‌మాడ్‌కాన్ఫిగ్ దాన్ని తీసేసింది. పెన్‌డ్రైవులో ఫైళ్ళను పేర్చే ఫ్యాట్ అనే పద్ధతి తెలిసిన మాడ్యూలు కూడా దానితోపాటే పోయింది. రెండూ చేర్చి కృష్ణ-3 చేశాం. అది ఇప్పటికీ నడుస్తోంది.

కాబట్టి మీరు చేసేటప్పుడు కొలతలు తీయడానికి ముందే పెన్‌డ్రైవు, కెమెరా, వైఫై పరికరం, మీరు వాడేవన్నీ ఒకసారి గుచ్చి వాడండి. అప్పుడు వాటి మాడ్యూళ్ళు జాబితాలో నిలుస్తాయి.

దీనివల్ల లాభమేమిటి?

కంప్యూటర్ రెట్టింపు వేగంగా పరుగెత్తిందా అని అడుగుతారు. నిజం చెప్పాలి. పరుగెత్తలేదు. వాడని మాడ్యూళ్ళు మామూలుగా డిస్కులోనే పడివుంటాయి, మెమరీలోకి రావు. కాబట్టి వాటిని తీసేస్తే డిస్కులో చోటు మిగులుతుంది, కంపైల్ త్వరగా అవుతుంది, అంతే. సొంత కెర్నెల్‌తో పాత యంత్రం కొత్తది అయిపోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి.

ఇంకో బాధ్యత కూడా ఉంది. కెర్నెల్‌లో లోపాలు బయటపడినప్పుడల్లా దిద్దిన రూపాలు వస్తుంటాయి. రెడీమేడ్ కెర్నెల్ అయితే డెబియన్‌వాళ్ళే పంపుతారు. మన సొంత కెర్నెల్‌ను మనమే తిరిగి చేసుకోవాలి.

మరి ఇంత శ్రమ ఎందుకు? చిన్న బోర్డుల మీద, ప్రత్యేక పరికరాల్లో, రెడీమేడ్ కెర్నెల్ పట్టని చోట ఇంజనీర్లు రోజూ చేసే పని ఇదే. లోపం కనిపెట్టినవాడు దానిని దిద్ది పరీక్షించాలంటే ముందు కంపైల్ చేయడం రావాలి. ఫిన్‌లాండ్ విద్యార్థి మొదలుపెట్టిన రచనలోకి వేలమంది ప్రవేశించింది ఈ గుమ్మం గుండానే.

మూలం చేతిలో ఉంటే ఏం చేయవచ్చో మన దగ్గర కూడా ఒక ఉదాహరణ ఉంది. 2005లో మన తెలుగువాళ్ళు స్వేచ్ఛ అనే పేరుతో తెలుగులో ఒక ఆపరేటింగ్ సిస్టమ్ తెచ్చారు. తెర మీది పట్టికలు, ఆజ్ఞలు తెలుగులో కనబడేట్లు చేశారు. అక్షరాలు చూపించడం కెర్నెల్ పని కాదు, దాని పైనున్న ప్రోగ్రాముల పని. కానీ ఆ ప్రోగ్రాముల మూలం కూడా అందరికీ అందుబాటులో ఉండటం వల్లనే, ఏ కంపెనీ అనుమతి కోసమూ ఎదురుచూడకుండా వాళ్ళు ఆ పని చేయగలిగారు.

మీరు చేసి చూడండి

కంప్యూటర్ లేకపోయినా మొదటి ప్రయోగం చేయవచ్చు. ఇంట్లో ఆండ్రాయిడ్ ఫోను తీసుకుని, సెట్టింగ్స్‌లో ఫోను గురించి చెప్పే భాగం తెరవండి. అక్కడ గానీ, ఆండ్రాయిడ్ వెర్షన్ అన్న మాట నొక్కితే గానీ కెర్నెల్ వెర్షన్ అని ఉంటుంది. ఆ అంకె రాసుకుని, మీ స్నేహితుల ఇళ్ళలోని ఫోన్ల అంకెలతో పోల్చండి. ఎవరి లస్కరు పాతవాడో తెలుస్తుంది.

బడిలో లినక్స్ ఉన్న కంప్యూటర్ ఉంటే 'ఎల్ఎస్‌మాడ్' అని టైపు చేయండి. వాడుకలో ఉన్న మాడ్యూళ్ళ పేర్లు వరుసగా వస్తాయి. ఒక పెన్‌డ్రైవు గుచ్చి మళ్ళీ అదే ఆజ్ఞ ఇవ్వండి. కొత్తగా ఏ పేర్లు చేరాయో చూడండి.

కెర్నెల్ కంపైల్ మాత్రం ఇంట్లో నాన్నగారు పనిచేసుకునే కంప్యూటర్ మీద మొదలుపెట్టవద్దు. మూలపడివున్న పాత పెట్టె ఒకటి వెతకండి, మీ సైన్సు మాస్టారిని కూడా పక్కన కూర్చోబెట్టుకోండి. కొన్ని కొత్త యంత్రాల్లో సెక్యూర్ బూట్ అనే కాపలా ఉంటుంది. సంతకం లేని కెర్నెల్‌ను అది లేవనివ్వదు. పాత పెట్టెలకు ఆ చిక్కు సాధారణంగా ఉండదు. ఇక ఎన్నిసార్లు తప్పినా గ్రబ్ పట్టికలో పాత కెర్నెల్ ఉండనే ఉంటుంది. కొత్తది పూర్తిగా పనిచేస్తోందని పదిసార్లు చూసుకునేదాకా దానిని చెరపకండి.

మా బడి పెట్టె మీద వరద బురద చార ఇంకా ఒకటి కనబడుతూనే ఉంటుంది. తుడవబోతే పిల్లలు ఒప్పుకోలేదు. దాని పక్కనే చిన్న కాగితం అంటించి 6.12 కృష్ణ-3 అని రాశారు.